మిరపకాయల మధ్య దారి

నాలుగైంది. మా ఇంట్లో గడియారం కొట్టదు గానీ, ఎదురింట్లో జాన్‌బీ కూతురు కుట్టుమిషను ఆపిందంటే టీ పెట్టుకునే వేళ, అంటే నాలుగు. ఇంకో అరగంటకి మా వీధి చివర కోచింగు వదులుతారు. అప్పుడు జాన్‌బీ వదిన ఆ గేటు తీసుకుని, వాకరు పట్టుకుని, ఒకరి చెయ్యి ఆసరా లేకుండా ఈ ఇరవై అడుగుల సిమెంటు రోడ్డు దాటి నా అరుగు మీదికి రావాలి. వచ్చిందా, ఇక్కడే ఉంటుంది. మధ్యలో ఏ బండైనా ఆమెను బెదరగొట్టిందా, కొడుకు వెంట మాచర్ల వెళ్ళిపోతుంది. ఆటో కూడా వచ్చేసింది. వాళ్ళ గోడవారగా నీడలో ఆగి ఉంది. వదిన రేకుపెట్టె మనిషికంటే ముందే అందులోకి ఎక్కి కూర్చుంది. అది నా వంక చూస్తున్నట్టే ఉంది. నేనూ దాని వంకే చూస్తున్నాను. పెట్టెతో పంతాలేమిటని నవ్వొస్తోంది గానీ, చేతులు మాత్రం ఊరుకోవడం లేదు, చెంగు మడతపెట్టడం, విప్పడం, మళ్ళీ మడతపెట్టడం.

వదిన కొడుకు మోయిన్ మాచర్లలో ఆర్టీసీ బస్సు తోలతాడు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఒక్క కోడిపిల్లనైనా తొక్కని కొడుకని వదిన మురిసిపోతూ ఉంటుంది. అలాంటి డ్రైవరు తల్లి సొంత గుమ్మం ముందు ఎవరిదో బండికి జడిసి వెనక్కి పడి తుంటి విరగ్గొట్టుకుంటే అతనికి ఎలా ఉంటుంది చెప్పండి. కార్తీకంలో జరిగింది, మూడు నెలలు. గుంటూరు ఆస్పత్రిలో లోపల కడ్డీ వేశారు. ఇవాళ పొద్దున బస్సు దిగుతూనే మోయిన్ నా దగ్గరికి వచ్చాడు. చెప్పులు కింద విడిచి అరుగెక్కి, కూర్చోమన్నా కూర్చోలేదు. "అత్తా, నీ మీద నాకేం లేదు. ఈ బజారు మీదే నాకు నమ్మకం లేదు. ఇది ఇళ్ళ మధ్య రోడ్డా, పందేలు పెట్టుకునే రోడ్డా?" అన్నాడు. మిట్టమధ్యాహ్నం ఒక్క పిట్ట కూడా ఉండదు, అప్పుడు చూసి దాటుతుందిలేరా అన్నాను. "ఖాళీ రోడ్డు మీద ఎవరైనా నడుస్తారత్తా. గడియారం చూసుకుని గేటు దాటాలంటే అది ఇల్లెట్టా అయిద్ది, జైలు గానీ. కోచింగు వదిలే టైములో దాటనీ. దాటితే నేను నోరెత్తను. లేదంటావా, ఐదున్నర బస్సుకి నాతో వచ్చుద్ది." మాచర్లలో వాళ్ళది మూడో అంతస్తు. అక్కడ రోడ్డు భయం ఉండదు, నిజమే, రోడ్డే ఉండదు. కిటికీలోంచి కొండలు చూస్తూ కూర్చోవాలి. వదిన కొండలు చూసే మనిషా! ఆమెకు మనుషులు కావాలి, తిట్టుకోవడానికైనా సరే. మరి నాకు? నాకు ఎవరున్నారు తిట్టడానికి? కొడుకు శ్రీహరి నెమ్మదస్తుడు, కోడలు గౌరవస్తురాలు, పొద్దస్తమానం ఆ గౌరవంలో కూర్చుని ఉండలేక చస్తున్నాను.

అందుకే ఈ మిరపకాయలు. మోయిన్ అటు వెళ్ళగానే నేను ఇటు దిగాను. రాజుపాలెం నుంచి మా తమ్ముడి కొడుకు మొన్ననే ఏడాది కారానికని ఒక టిక్కీ కాయలు పంపాడు. టిక్కీ అంటే ఇంత లావు గోతం, ఇద్దరు చెరో పక్క పడితే గానీ లేవదు. అదొక్కటీ చాలదు కదా, పక్కింటి కృపామణి టీచరు దగ్గరికి వెళ్ళాను. బడికి పోయే తొందరలో ఉండి కూడా, డాబా మీద ఆరబోసిన కాయలన్నీ ఎత్తుకోమంది, ఆపైన ఒక కాగితం మీద గీసి చూపించింది. "మామ్మా, రోడ్డంతా అడ్డంగా పొయ్యొద్దు, జనం తిడతారు. ఇదిగో, ఎస్ అక్షరంలాగా రావాలి" అంది. నేను రెండో తరగతిలో పలక పగలగొట్టి ఇంటికి వచ్చినదాన్ని, నాకు ఎస్ తెలియదు, పాము తెలుసు. అలాగే పరిచాం. నా అరుగు దగ్గర నుంచి రోడ్డు సగం దాకా ఒక పట్టా, పది అడుగులు పోయాక వదిన వాళ్ళ గోడ నుంచి సగానికి ఒక పట్టా, మళ్ళీ ఇటు, మళ్ళీ అటు. ఐదిళ్ళ కాయలు. మధ్యలో పాము మెలికలు తిరిగినట్టు దారి. మాఘమాసపు ఎండ ఏటవాలుగా పడి కాయ కాయా మెరుస్తోంది, గాలి తగిలినప్పుడల్లా గలగలమంటున్నాయి, ఆ ఘాటుకి ఇప్పటికి నాలుగుసార్లు తుమ్మాను. ఐదోది ముక్కు చివర్లో కూర్చుని ఉంది, రాదు, పోదు.

"ఇవి చూసి బండ్లు ఆపుతారా అత్తయ్యా?" అంది మా కోడలు ఆఫీసుకు వెళుతూ. ఎందుకు ఆపరు? ఇది పల్నాడు. మిరపకాయ మీద చక్రం ఎక్కించేవాడు ఈ పక్క ఇంకా పుట్టలేదు. లారీవాడైనా సరే, రోడ్డు మీద పట్టా కనిపిస్తే హారను కొట్టి, మనం వచ్చి పక్కకి లాగేదాకా బీడీ వెలిగించుకుని నిలబడతాడు. ఈ కోచింగు పిల్లలు మాత్రం ఎవరు? కారంపూడి నుంచి, దుర్గి నుంచి, దాచేపల్లి నుంచి వచ్చి హాస్టళ్ళలో ఉండేవాళ్ళు. వాళ్ళమ్మలు ఇప్పుడు, నేను ఇక్కడ నీడలో కూర్చున్న ఈ నిమిషానే, చేలో వంగి కాయ కోస్తూ ఉంటారు. ఆ వంగిన నడుములు చూసి పెరిగినవాళ్ళు తొక్కరు. నాకు ఆరేళ్ళప్పుడు మా కల్లంలో ఆరబోసిన కాయల మీద అడ్డంపడి పరిగెత్తానని మా అమ్మ లాగి ఒకటిచ్చింది. ఆ దెబ్బ ఎక్కడ తగిలిందో మరిచిపోయాను గానీ, రాత్రంతా అరికాళ్ళు మండి, ఇత్తడి బేసిన్లో నీళ్ళు పోసి అందులో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాను. అమ్మ పక్కనే కూర్చుని నీళ్ళు మారుస్తూ, తిడుతూ, నీళ్ళు మారుస్తూ. ఇప్పటికీ ఘాటు వాసన వస్తే నాకు ముందు చల్లటి నీళ్ళే గుర్తొస్తాయి.

ఒకసారి బోల్తా పడ్డాను లెండి, అందుకే కోడలికి అనుమానం. పోయిన వారం మిరపకాయలు తట్టలేదు, ఉలవ కట్టె తట్టింది. మా తమ్ముడి కొడుకునే అడిగి ఒక ట్రాక్టరు తొట్టి, కోసి ఎండబెట్టిన ఉలవ కట్టె తెప్పించి మా ఇంటి ముందు రోడ్డంతా పరిపించాను. మోకాలెత్తు కట్టె చూస్తే ఎవరైనా నెమ్మదిస్తారనుకున్నాను. ఎంత తెలివితక్కువ పని! మా ఊళ్ళలో ఉలవలు, కందులు రోడ్డు మీద పరిచేదే వచ్చే పోయే బండ్లు తొక్కి నూర్చి పెడతాయని. ఈ పిల్లలందరూ అలా నూర్చిన గింజలు తిని పెరిగినవాళ్ళే. వీధి మొదట్లోనే చూశారు, ఎవరో ముసలామె ఒంటరిగా నూర్పిడి పెట్టుకుంది పాపం అనుకున్నారు, ఇక చూడండి. రోజూ ఒక్కసారి పోయేవాళ్ళు మూడు మూడు చుట్లు తిరిగారు. మామూలుగా పోయేదానికంటే జోరుగా. ఒక పిల్లవాడు చివరికి పోయి మళ్ళీ వెనక్కి వచ్చి, "మామ్మా, ఆ మూల సరిగా నలగలేదు, ఉండు ఇంకో రౌండేస్తా" అన్నాడు. పడతారర్రా, జారతారర్రా, ఆపండర్రా అని నేను అరుస్తుంటే దీవిస్తున్నాననుకుని చెయ్యి ఊపుతున్నారు. ఎవరూ జారి పడలేదు, నా అదృష్టం. సాయంత్రానికి తూర్పారబట్టుకుంటే కుంచాల కొద్దీ ఉలవలు. వీధి వీధంతా రెండు రోజులు ఉలవచారు కాచుకుంది. వదిన మంచం మీద నుంచే గిన్నె పంపించి పోయించుకుని, "నీ తెలివికి ఉలవచారే కుదిరింది కోటొదినా" అని కబురు పెట్టింది. నా పేరు కోటేశ్వరమ్మ. కోటప్పకొండ మొక్కు పేరు. అందరికీ కోటమ్మను, వదినకు మాత్రం కోటొదినను.

రోడ్డుకి అడ్డంగా ఒక గట్టు వేయించుకోవచ్చు కదా అంటారు. అదీ అయింది. నర్సరావుపేట జిల్లా కేంద్రం అయ్యాక పెద్ద రోడ్డు నుంచి వినుకొండ రోడ్డుకి మా వీధి అడ్డదారి అయిపోయింది, సిమెంటు పడ్డాక మరీను. వీధి పెద్దలందరూ హనుమంతరావు గారింట్లో కూర్చున్నారు. స్పీడు బ్రేకరు వేయాల్సిందే అని అందరూ ఒకే మాట. ఎవరింటి ముందు అంటే మాత్రం అందరూ కాఫీ గ్లాసుల్లోకి చూశారు. మా ఇంటి ముందు వద్దు, బండి ఎగిరినప్పుడల్లా మా పెద్దాయన ఉలిక్కిపడతాడు అని ఒకరు. మా ఇంటి ముందు వద్దు, అక్కడ గేరు మార్చేటప్పుడు పొగంతా మా వంటింట్లోకి అని ఇంకొకరు. హనుమంతరావు గారు తన గుమ్మానికి వాస్తు దోషం అన్నారు. కాఫీలు అయిపోయాయి, ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళారు. అందరికీ గట్టు కావాలి, పక్కింటి ముందు కావాలి.

ఎదురుగా గేటు కిర్రుమంది. కాదు, మోయిన్ బయటికి వచ్చి ఆటో అతనితో ఏదో అంటున్నాడు. వదిన లోపలే ఉంది. కిటికీలో తెల్ల ముసుగు కదిలింది. నమాజు అయిపోయి ఉంటుంది. ఈ అసర్ నమాజు కాగానే, సాయంత్రం నమాజు లోపల, ఆమె నా అరుగు మీద కూర్చునే వేళ ఇది. కాయలొచ్చే కాలంలో ఇద్దరం కలిసి తొడిమలు తీస్తాం. మా చేతులకు ఆ పని వచ్చు కనుక నోళ్ళు తీరికగా ఉంటాయి. ఎన్ని పెళ్ళిళ్ళు కుదిర్చామో, ఎన్ని చెడగొట్టామో ఆ తొడిమలకే తెలుసు. ఈ ఏడు మూడు నెలలుగా నేనొక్కదాన్నే తీస్తుంటే గోళ్ళు మండుతున్నాయి. ఇన్నేళ్ళూ మండనివి ఇప్పుడెందుకు మండాలి.

అసలు నాకు జోరంటే భయం లేదు, ఇదే వచ్చిన చిక్కు. మా నాన్న ఎడ్లజత నాదెండ్ల చుట్టుపక్కల పేరున్న జత. తిరునాళ్ళకి బండి కట్టి, తిరిగొచ్చేటప్పుడు మా మేనమామ బండి ముందు పోతుంటే నాన్నకు ఒళ్ళు ఆగేది కాదు. అమ్మ గడ్డిలో ముఖం దాచుకుని కోటయ్య స్వామికి మొక్కులు మొక్కుతుంటే, తొమ్మిదేళ్ళ నేను బండి నొగ దగ్గర నిలబడి, తోలు నాన్నా, ఇంకా తోలు అని కేకలు. గంటల మోత, దుమ్ము, నోటి నిండా గాలి. తర్వాత పెళ్ళయింది. మా ఆయన పత్తి బాగా పండిన ఏడు రాజ్‌దూత్ బండి కొన్నాడు. దాని మీద నన్ను ఎత్తిపోతల చూపించడానికి తీసుకెళ్ళాడు. జలపాతం ఎలా ఉందంటే చెప్పలేను, నీళ్ళు పడుతున్నాయి. కానీ ఆ రోడ్డు! మలుపు తిరిగినప్పుడల్లా ఉయ్యాల ఊగినట్టుండేది. "భయంగా ఉందటే?" అన్నాడు వెనక్కి తిరగకుండా. "ఇంకొంచెం పోనీ" అన్నాను. అద్దంలో ఆయన నవ్వు కనపడింది. పెళ్ళయి అప్పటికి పదేళ్ళు, ఆయన నన్ను చూసి అలా నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు కోసం ఎంత దూరమైనా పోవచ్చనిపించింది. ఇప్పుడు తలుచుకున్నా వేళ్ళు వాటంతటవే చెంగు బిగించి పట్టుకుంటున్నాయి.

ఆ రోగం నాకు ఎక్కడికి పోతుంది. మనవరాలు రుచితకి స్కూటీ కొన్నప్పటి నుంచి మళ్ళీ తిరగబెట్టింది. డిగ్రీ రెండో ఏడు, బండి మీద కూర్చుంటే గాలిలో తేలిపోతుంది, అచ్చం మా నాన్న. నాకు షుగరు, కోడలు నన్ను తీపి ముట్టనివ్వదు. వినుకొండ రోడ్డులో కొత్తగా ఐస్‌క్రీం కొట్టు పెట్టారని రుచిత చెవిలో ఊదింది. ఇక చూడండి మా దొంగతనం. ఇంటి ముందు ఎక్కితే పనిమనిషి చూసి కోడలికి చెబుతుందని, గుడికి పోతున్నానని చెప్పి వీధి మొదటికి నడిచి, అక్కడ ఎక్కాను. వినుకొండ రోడ్డు అటు చివర కదా, మళ్ళీ మా ఇంటి ముందు నుంచే పోవాలి. "తలొంచుకో నాయనమ్మా" అంది అది. నేను చెంగు ముఖానికి కప్పుకుని, "అయితే తోలవే, ఎవరూ ఆనవాలు పట్టకుండా తోలు, ఇంకా, ఇంకా" అన్నాను. అన్నది నేనే. అది పిల్ల, నేను డెబ్బై నాలుగేళ్ళదాన్ని, తోలమన్నది నేను. వదిన గేటు తెరుచుకుని రోడ్డు మీదికి వచ్చింది, చెయ్యి పైకెత్తింది. తర్వాత వెనక్కి ఒక్క గెంతు గెంతింది. కాలువ అంచున పడింది. మేము తగల్లేదు, జానెడు కూడా తేడా లేదు. బండి అక్కడే పడేసి పరిగెత్తాం. ఎత్తాం, ఆటో పిలిచాం, ఆస్పత్రికి తీసుకెళ్ళాం. జనం మూగి ఎవరు ఎవరు అంటుంటే, అంత నొప్పిలో వదిన నా కళ్ళలోకి చూసి, "ఎవడో కుర్రోడు. నల్లబండి. మొహం చూళ్ళా" అంది. మాది ఎర్ర స్కూటీ.

అప్పటి నుంచి చూడండి, వీధంతా నన్ను మెచ్చుకోవడమే. సమయానికి మామ్మా మనవరాలూ ఉండబట్టి సరిపోయింది అంటారు. మోయిన్ అయితే ఆస్పత్రి వరండాలో నా కాళ్ళకు వంగాడు. అప్పుడు చెప్పాల్సింది. నోటి దాకా వచ్చి, ఆగి, ఇదిగో ఈ తుమ్ములాగే, రాదు, పోదు. ఎందుకు అబద్ధమాడావు వదినా అని ఒంటరిగా ఉన్నప్పుడు రెండుసార్లు అడిగాను. "ఇయ్యాల కూరేంది?" అంది రెండుసార్లూ. రుచిత ఆనాటి నుంచి మా వీధి మొదటికి రాగానే ఇంజను ఆపి, బండి దిగి, నడిపించుకుంటూ వస్తుంది. వాళ్ళ నాన్న స్టార్టింగు ట్రబులనుకుని మూడుసార్లు మెకానిక్కుకి చూపించాడు. బండిలో ఏమీ లేదు సార్ అన్నాడు మెకానిక్కు, నిజమే చెప్పాడు.

అదిగో. వదిలారు. దూరంగా తుమ్మెదల గుంపు లేచినట్టు మోత. అరుగు రాయి కిందనుంచి నాకు వణుకు తెలుస్తోంది. మొదటి బండి మలుపు తిరిగింది, ముగ్గురు ఎక్కి ఉన్నారు, వెనకవాడు రెండు చేతులూ గాలిలో పెట్టాడు. కోటయ్య స్వామీ, ఇది ఉలవ కట్టె కాదని వాళ్ళకు కనపడాలి. కనపడింది. కీచుమని బ్రేకు. ముగ్గురి కాళ్ళూ ఒకేసారి నేల మీద. "మామ్మా! ఏందిది, కల్లం బజార్లోకి వచ్చింది?" "దారి ఉందిగా, చూసుకుని పోండి నాయనా." "ఒరేయ్ దిగండ్రా, కాయలు" అన్నాడు ముందువాడు. ఇద్దరు దిగారు. వాడు రెండు కాళ్ళతో నేలను తోసుకుంటూ బాతులాగా మొదటి మెలిక తిరిగాడు. వెనకాల రెండో బండి, మూడోది, పదోది, అందరూ బాతులే. ఒకడికి తుమ్ము వచ్చింది, వాడి నుంచి వరసగా అందరికీ పాకింది. నాక్కూడా, ఇందాకటి నుంచి ఆగినది, హమ్మయ్య, వచ్చేసింది. అంతలో తెల్ల కారొకటి, పొడుగ్గా, ఈ వీధిది కాదు, హారను మోగించుకుంటూ వచ్చి ఆగింది. నేను అరుగు అంచుకి జరిగాను. అందులోంచి తెల్లచొక్కా పెద్దమనిషి దిగి, నేరుగా పట్టా దగ్గరికి వచ్చి, వంగి, ఒక కాయ తీసి, చెవి దగ్గర ఆడించి, విరిచి వాసన చూశాడు. "ఏ ఊరి కాయ పిన్నీ ఇది? రంగు చానా బాగుంది." "రాజుపాలెం కాయయ్యా." "మాది దాచేపల్లి పక్కన. ఈ ఏడు చేనంతా నల్లి పురుగు కొట్టేసింది." అంతే, వెనక బైకు మీద పిల్లవాడు, మాక్కూడా అంకుల్ అన్నాడు. ఇంకొకడు వాళ్ళ నాన్న ఏ మందు కొట్టాడో చెప్పడం మొదలుపెట్టాడు. ఇక ఎవరూ కదలరు. పల్నాటివాళ్ళు మిరపకాయ దగ్గర నిలబడి మాట్లాడుకుంటుంటే వాళ్ళను కదిలించడం నా వల్ల అయ్యేపనా!

అప్పుడు గేటు కిర్రుమంది, ఈసారి నిజంగా. వాకరు టక్కుమంది. వదిన. ముదురాకుపచ్చ చీర, తల మీద తెల్ల ముసుగు, చూపు నేల మీద. మోయిన్ గేటు లోపలే ఆగిపోయాడు, మాట ప్రకారం చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కానీ అతని కుడికాలు, అది చూశాను నేను, బండి కదిలినప్పుడల్లా నేల మీద బ్రేకు తొక్కుతోంది. టక్, అడుగు. టక్, అడుగు. పెళ్ళినాటి నా నడక కూడా ఇంత పొడుగ్గా అనిపించలేదు. లేచి ఎదురుపోదామని మోకాళ్ళ మీద చేతులు పెట్టాను, ఒకరి ఆసరా ఉండకూడదు కదా, కూర్చున్నాను. సరిగ్గా రోడ్డు నడిమధ్యకి వచ్చి ఆగిపోయింది. ఎందుకు ఆగింది? కళ్ళు తిరిగాయా? కాలు నొప్పా? ఆనాడు పడ్డచోటు గుర్తొచ్చిందా? బండ్లన్నీ ఆమె చుట్టూ గుర్రుగుర్రుమంటున్నాయి. వదిన నెమ్మదిగా తలెత్తి, పక్కనున్న బండి పిల్లవాణ్ణి ఎగాదిగా చూసింది. "ఏందిరా అబ్బాయ్ ఆ చూపు. బండి అరడుగు ఎనక్కి తియ్యి, కాయ తగుల్తంది." వాడు తీశాడు. వాడి వెనకవాడు, ఆ వెనకవాడు, ఆఖరికి ఆ తెల్లకారు కూడా. "ఆ. అట్టా ఉండండి, నేను దాటేదాకా" అంది వదిన. టక్, అడుగు. టక్, అడుగు. వచ్చేసింది. వాకరు నా మెట్టుకి తగిలింది. నా పక్కన అరుగు మీద కూర్చుని, ఊపిరి తీసుకుని, మూడు నెలల తర్వాత నా అరుగు మీద మొదటి మాట అంది. "తాలు కాయలు ఏరలేదేందమ్మా, తెల్లగా కనపడతన్నాయి. నేను లేకపోతే ఇంతేనా నీ పని?"

నేను ఏడ్చానో నవ్వానో నాకే తెలియదు, ఘాటు మీద తోసేశాను. పిల్లలు ఒక్కొక్కరే మెలికలు తిరిగి వెళ్ళిపోయారు. మోయిన్ దాటి వచ్చాడు, అతను కూడా కళ్ళు తుడుచుకుంటున్నాడు, అతనూ ఘాటే అన్నాడు. "అత్తా, ఓడిపోయాను. పిల్లలు మంచోళ్ళే. ఆ నల్లబండోడు ఒక్కడే, వాడెవడో ఈ బజారోడు కాదు. ఎదురింట్లో నీలాంటి మనిషి ఉంటే అమ్మ గురించి నాకు భయమెందుకు" అన్నాడు. చూశారా, ఈ మెచ్చుకోలే. అప్పుడే అటు నుంచి రుచిత, కాలేజీ నుంచి వస్తూ, స్కూటీని చేత్తో నడిపించుకుంటూ, పట్టాల మధ్య మలుపులు తిప్పుకుంటూ వస్తోంది. ఆ పిల్ల ముఖం చూశాక ఇక ఆగలేకపోయాను. చెబితే ఆటో కదులుతుందని తెలుసు. పెట్టె దిగక ముందే చెప్పేశాను. "నల్లబండి లేదు మోయినూ. ఎర్రబండి. అదిగో అదే. దాన్ని తోలమన్నది నేను. పిల్లనేమీ అనబాక."

మోయిన్ స్కూటీ వంక చూశాడు, నా వంక చూశాడు, వాళ్ళమ్మ వంక చూశాడు. రుచిత ఎక్కడిదక్కడే నిలబడిపోయింది. వదిన నా తొడ మీద ఫట్టుమని ఒకటేసింది. "నీ నోట్లో మిరపకాయ పెట్టా! మూడు నెల్ల నుంచి అల్లా దగ్గర నేను అబద్ధం మోస్తంటే, ఒక్క నిమిషంలో పారబోశావా?" "నువ్వెందుకు మొయ్యాలమ్మా?" అన్నాడు మోయిన్. గొంతు గట్టిగా లేదు, అందుకే నాకు భయమేసింది. "ఆమె పేరు చెప్పలేక నీ తుంటి కూడా..." "ఆమె పేరు కోసం కాదులేరా" అంది వదిన. ముసుగు సర్దుకుంది. చాలాసేపు సర్దుకుంది. "నేను జడిసి పడలా. వీళ్ళిద్దరూ ముసుగేసుకుని ఎక్కడికో పోతన్నారు, నన్ను పిలవకుండా. ఐస్‌క్రీం కొట్టుకని నాకు తెలవదా? పొద్దున్నించి గుసగుసలు నేను ఇన్లేదా? ఆపి, నేనూ ఎక్కుదామని రోడ్డు మీదికి వచ్చా. అది ఆగేట్టు లేదని తెలిసి ఎనక్కి గెంతా. అంతే. నీకెట్టా చెప్పను, బస్సు డ్రైవరువి."

మోయిన్ మెట్టు మీద కూలబడ్డాడు. "స్కూటీ మీద. ముగ్గురు" అన్నాడు. "సన్నగానే ఉంటాంగా" అంది వదిన. రుచిత నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది, భుజాలు ఎగురుతున్నాయి. నేను ఇటు చూస్తే వదిన అటు చూసింది, ఆమె ఇటు చూస్తే నేను అటు. ఈ మూడు నెలలూ నేను ఒక్కదాన్నే మోస్తున్నాననుకున్నది ఆమె కూడా అటువైపు చివర పట్టుకుని మోస్తూనే ఉంది. టిక్కీకి చెరో పక్క పట్టినట్టు. ముసలిముండ, ఒక్క మాట చెబితే ఏం పోయింది! ఆ మాట పైకే అన్నట్టున్నాను. "నువ్వు చెప్పావా?" అంది.

"తోలమనేది ఒకళ్ళు. ఎక్కుతాననేది ఒకళ్ళు" అన్నాడు మోయిన్ లేస్తూ. "మిమ్మల్ని ఇడదీస్తే రెండూళ్ళు పాడైపోతాయి. ఒక్క బజారుతో పోనీ." రుచిత దగ్గరికి వెళ్ళి స్కూటీ హ్యాండిలు పట్టుకుని, "అమ్మాయ్, రేపు నాకు ఆఫు. పొద్దున్నే ఆరింటికి నేను ఎనక కూర్చుంటా, నువ్వు ఈ బజార్లో తోలు. నేను చెప్పిన స్పీడు. పది రౌండ్లు. మనిషి అడ్డమొస్తే ఎట్టా ఆపాలో రెండు కాళ్ళకీ రావాలి, చేతులకీ రావాలి" అన్నాడు. "సరే మావయ్యా" అంది అది, ఏడుపు గొంతుతో. తర్వాత ఆటోలోంచి రేకుపెట్టె దించి లోపల పెట్టి వచ్చాడు. ఆటో అతను అడ్డంగా పరిచిన పట్టాలన్నీ చూసి, "నేనెట్టా బయటపడేది అన్నా?" అన్నాడు. మోయిన్ ఆటో ముందు నడుస్తూ, వెనక్కి వెనక్కి అడుగులు వేస్తూ, బస్సుకి కండక్టరు సైగ చేసినట్టు చెయ్యి ఊపుతూ రైట్, రైట్, కొంచెం లెఫ్టు అంటున్నాడు. ఖాళీ ఆటో నత్తలాగా మెలికలు తిరుగుతోంది.

వదిన అది చూడలేదు. దోసెడు కాయలు కొంగులో పోసుకుని, తొడిమ గిల్లడం మొదలుపెట్టింది. ఎండ కళ్ళలో పడుతోందని అరుగు మీద ఇటు జరిగి, అటు జరిగి, చివరికి నా వైపు తిరిగి, రోడ్డుకి వీపు పెట్టి కూర్చుంది.